ఇంటి నీటి సాఫ్ట్‌నర్: సరిచేయు విధము, పోషణ, పెరటి నేలకు జాగ్రత్త

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామములలో బావినీటి గుణము రసాయన శాస్త్రజ్ఞులకంటె ముందు గృహిణులకు తెలియును. కందిపప్పు ఎంతసేపు ఉడికించినను పలుకుగనే యుండును. సబ్బు నురగ కట్టుటకు బదులు నీటిపై తెల్లని తెట్టు తేలును. స్నానపు నీళ్ళు కాచు కాగు అడుగున సున్నపు పెచ్చు కట్టును. ఇప్పుడు చాలా ఇండ్లలో కాగుల స్థానమున గీజర్లు వచ్చినవి గాని పెచ్చు మాత్రము పోలేదు. అది వేడిచేయు కడ్డీకి పట్టుకొని, కరెంటు ఖర్చు పెంచి, తుదకు కడ్డీనే కాల్చివేయును.

ఈ బాధ పడలేక కొందరు ఇంటికి సాఫ్ట్‌నర్, అనగా నీటిని మెత్తపరచు యంత్రము, తెచ్చి పెట్టుకొనుచున్నారు. మంచిదే. కాని యంత్రమును బిగించినవారు బిగించి పోవుదురు. దానిని ఏ సంఖ్యకు సరిచేయవలెనో, అందులోనుండి వెలువడు ఉప్పునీటిని ఎచ్చటికి పంపవలెనో విడమరచి చెప్పువారు తక్కువ. స్నానాల గది సంగతి వ్యవసాయ పత్రికకు ఎందుకని పాఠకులు అడుగవచ్చును. మన ఇండ్లలో స్నానపు నీరు, గిన్నెలు కడిగిన నీరు పోవునది పెరటిలోని అరటి, కరివేప, నిమ్మ పాదులకే. ఆ పెరడు చాలా ఊళ్ళలో నల్లరేగడి. సాఫ్ట్‌నర్ దాటిన నీటికిని నల్లరేగడికిని పొసగదు. ఆ సంగతి యంత్రము కొనకముందే రైతు సోదరులకు తెలియవలెను.

మన నీరు ఏల కఠినము

కృష్ణా జిల్లా మెట్టగా పేరుపడిన ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను అడుగున రాయి మారదు. జగ్గయ్యపేట చుట్టుప్రక్కల భూమిలో సున్నపురాయి పొరలు కలవు; జయంతిపురం, ముక్త్యాల వద్ద సిమెంటు కర్మాగారములు వెలసినది ఆ రాయి కొరకే. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపమునకు చెక్కిన పలకలు కూడ ఈ సున్నపురాతి జాతివే. ఆ స్తూపమును గూర్చియు, అమరావతిని గూర్చియు జేమ్స్ బర్జెస్ రచించిన గ్రంథము 1887లో వెలువడినది. వాన నీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని ఈ రాతిని కొంచెము కొంచెముగా కరగించుకొని బావులలో చేరును. కాచినప్పుడు ఆ వాయువు పోయి, కరగిన సున్నము తిరిగి రాయియై గిన్నెకు పట్టును. స్తూపపు పలకకును గీజరు పెచ్చుకును మూలద్రవ్యము ఒక్కటే.

నందిగామ వైపు చాలా చోట్ల అడుగున గ్రానైటు జాతి శిలలు ఉండుటచే నీటి గుణము వేరుగా నుండవచ్చును. ఒకే ఊరిలో సైతము ఈ వీధి బోరు ఒక విధము, ఆ వీధి బోరు మరియొక విధము. మునేటి ఒడ్డున బావికిని, మెట్టమీది లోతు బోరుకును పోలికయే యుండదు. కాబట్టి పొరుగింటి యంత్రము ఏ సంఖ్యపై ఉన్నదో చూచి మన యంత్రమును అదే సంఖ్యపై పెట్టుట తగదు.

నీటి కఠినత్వమును లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటు అని చెప్పుదురు. త్రాగునీటికి భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 10500 (2012) ప్రకారము 200 మి.గ్రా. వరకు అంగీకారము, వేరు నీరు దొరకనిచోట 600 మి.గ్రా. వరకు అనుమతి కలదు.

రెజిన్ చేయు పని, నేల చేయు పని ఒక్కటే

సాఫ్ట్‌నర్ తొట్టిలో ఆవగింజ ప్రమాణపు బంగారురంగు గుళికలు ఉండును. వీటినే రెజిన్ అందురు. ప్రతి గుళిక సోడియంను పట్టుకొని యుండును. కఠిన జలము వీటి మధ్యగా పోవునప్పుడు గుళికలు నీటిలోని కాల్షియం, మగ్నీషియంలను పట్టుకొని తమ సోడియంను నీటికి వదలును. గుళికలు నిండిపోయిన తరువాత గాఢమైన ఉప్పునీటితో కడిగిన సోడియం బలముచే కాల్షియం వెడలిపోయి, గుళికలు మరల పనికి సిద్ధమగును. ఈ కడుగుటకే మెకానికులు రీజనరేషన్ అందురు.

ఈ మార్పిడి మొదట బయటపడినది యంత్రములో కాదు, పొలము మట్టిలో. పశువుల ఎరువులోని అమ్మోనియాను నేల పట్టి నిలుపునని యార్క్‌షైర్ భూస్వామి హెచ్.ఎస్. థాంప్సన్ గమనించెను. ఇంగ్లండు రాజ వ్యవసాయ సంఘపు రసాయనజ్ఞుడు జె. థామస్ వే దానిని పరీక్షించి, మట్టి అమ్మోనియాను పట్టుకొని అందుకు బదులు సున్నమును వదలునని 1850లో ప్రకటించెను. మనము వేయు అమ్మోనియం సల్ఫేటు మొదటి వానకే కొట్టుకొనిపోక నేలలో నిలుచుటకు కారణమిదే. నేల చేయు ఈ పనిని చేయు కృత్రిమ రెజిన్లను 1935లో ఇంగ్లండులో ఆడమ్స్, హోమ్స్ అను వారు తయారుచేసిరి.

అనగా బంకమన్ను కూడ ఒక రెజినే. నల్లరేగడిలో బంక ఎక్కువ. పట్టుకొను శక్తియు ఎక్కువ. ఆ బంకమన్ను కాల్షియంను పట్టుకొని యున్నంత కాలము గుల్లగా, చిన్న చిన్న ఉండలుగా నుండి నీటిని లోనికి దిగనిచ్చును. కాల్షియం పోయి సోడియం చేరినచో ఉండలు విడిపోయి, తడిసిన బురదయై, ఎండిన బండయై, వేళ్ళకు గాలి ఆడనీయదు. సోడియం నింపుకొనుట రెజిన్‌కు పునర్జన్మ, నేలకు మరణము. సాఫ్ట్‌నర్‌ను గూర్చి క్రింద చెప్పు సర్దుబాటు లన్నియు ఈ ఒక్క సంగతిని దృష్టిలో నుంచుకొని చెప్పినవే: పనికి చాలినంత మెత్తదనము, వీలైనంత తక్కువ ఉప్పు.

మొదట కొలువవలెను

కఠినత్వము కొలువకుండ యంత్రమును సరిచేయుట, తూకము లేకుండ విత్తనము కొనుటవంటిది. జల జీవన్ మిషన్ క్రింద పంచాయతీలకు ఇచ్చిన క్షేత్ర పరీక్షా పెట్టెలలో కఠినత్వ పరీక్ష కూడ కలదు. పంచాయతీ కార్యదర్శులు ఈ పెట్టెలను బీరువాలో ఉంచక, అడిగిన గృహస్థుని బోరు నీటికి పరీక్ష చేయించి ఇచ్చినచో ఎంతో ఉపకారము. అక్వేరియం చేపల దుకాణములలోను, నీటి యంత్రముల దుకాణములలోను దొరకు చుక్కల మందుతో ఇంటివద్దనే చూడవచ్చును. కొలిచిన నీటిలో మందు చుక్కలు ఒక్కొక్కటి వేయుచు కలిపిన ఎరుపు రంగు నీలముగా మారును. ఎన్ని చుక్కలకు మారినదో లెక్కించి పెట్టెపై చెప్పిన గుణకముతో హెచ్చించవలెను. ఎండలు ముదిరినప్పుడు ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి కొలుచుట మంచిది. బోరు మట్టము మారిన కొలది నీటి గుణము మారును.

ఇచట ఒక పొరపాటు సర్వసాధారణము. జేబులో పెట్టుకొను టి.డి.యస్. మీటరును సాఫ్ట్‌నర్ నీటిలో ముంచి, అంకె తగ్గలేదు గనుక యంత్రము పనిచేయుట లేదని అందురు. సాఫ్ట్‌నర్ లవణములను తీసివేయదు. ఒక దానికి బదులు మరియొక దానిని ఇచ్చును. అందుచే టి.డి.యస్. తగ్గదు, పైగా కొలదిగా పెరుగును. యంత్రము పనిచేయుచున్నదా అని తెలిసికొనుటకు సబ్బు చాలును. ఒక సీసాలో వాననీరు, ఒక దానిలో బోరు నీరు, ఒక దానిలో సాఫ్ట్‌నర్ నీరు సమముగా పోసి, ఒక్కొక్కదానిలో ఒకే కొలతగా సబ్బు నీళ్ళు వేసి కుదిపి చూడవలెను. సాఫ్ట్‌నర్ సీసా వాననీటి సీసావలె నురగ కట్టవలెను. బట్టల పొడి వాడరాదు. అది కఠిన జలములోను నురుగు నిచ్చి మోసగించును.

అంకె వేయుట

ఉదాహరణమునకు అయిదుగురున్న యిల్లు. స్నానము, బట్టలు, గిన్నెలకు రోజుకు 500 లీటర్ల మెత్తని నీరు కావలెననుకొందము. బోరు నీటి కఠినత్వము 600. అనగా లీటరుకు 0.6 గ్రాము, రోజుకు 300 గ్రాముల కఠినత్వమును రెజిన్ పట్టుకొనవలెను. తొట్టిలో 25 లీటర్ల రెజిన్ కలదు. దీనిని లీటరు రెజిన్‌కు 120 గ్రాముల చొప్పున 3 కిలోల ఉప్పుతో కడిగినచో లీటరుకు సుమారు 50 గ్రాములు, మొత్తము 1,250 గ్రాములు పట్టును. 1,250ని 0.6చే భాగింపగా 2,080 లీటర్లు. చివరి బొట్టువరకు రెజిన్‌ను వాడుకొనరాదు. రీజనరేషన్ రాత్రివేళ జరుగును గనుక ఒక రోజు నీరు, అనగా 500 లీటర్లు, నిలువగా తీసివేయవలెను. మిగిలినది ఇంచుమించు 1,580. మీటరుతో పనిచేయు వాల్వును 1,500 లీటర్లకు, రోజుల లెక్కన పనిచేయు దానిని 3 రోజులకు పెట్టవలెను. నెలకు పది సార్లు, 30 కిలోల ఉప్పు.

ఉప్పు ఎక్కువ వేసినచో ఎక్కువ పనిచేయదా యని కొందరు 6 కిలోలు పెట్టుదురు. లాభము అంతగా లేదు. లీటరు రెజిన్‌కు 240 గ్రాముల ఉప్పు వేసినను పట్టు శక్తి 68 గ్రాముల ప్రాంతమున ఆగిపోవును. ఉప్పు రెండింతలైనది, పని మూడవ వంతుకు కొంచెము మించి మాత్రమే పెరిగినది. పైరుకు యూరియా వేసినకొలది దిగుబడి పెరుగుట ఎట్లు మందగించునో ఇదియు అట్లే. మన లెక్కలోని ఇంటికే 6 కిలోల పద్ధతిలో నెలకు దాదాపు 39 కిలోల ఉప్పు కావలెను. తక్కువ ఉప్పుతో తరచుగా కడుగుట మేలు. అట్లు చేసిన మెత్తని నీటిలో కొలదిపాటి కఠినత్వము మిగులునన్నది నిజమే. స్నానమునకు గాని, గీజరుకు గాని దానివలన బాధ లేదు.

కొన్ని వాల్వులపై అంకెలు మిల్లీగ్రాములలో గాక గ్రెయిన్లలో ఉండును. మన మిల్లీగ్రాముల అంకెను 17.1చే భాగించిన గ్రెయిన్లు వచ్చును. 600 అనగా 35 గ్రెయిన్లు. ఈ తేడా తెలియక 35కు బదులు వేరు అంకె వేసినచో యంత్రము ఒకటి గంగాళముల కొద్ది ఉప్పు తినును, లేదా రెండవనాటికే సున్నపు నీరు వదలును. యంత్రము బిగించిన దినమున వాల్వుపై ఉన్న అంకె మీ బావికి సంబంధించినదని నమ్మరాదు. పట్టణపు కొళాయి నీటికి తగినట్లు వేసి వచ్చిన అంకె కావచ్చును. అంకెను వేసినపిమ్మట, కఠినత్వము, ఉప్పు, తేదీలను ఒక చీటీపై వ్రాసి తొట్టికి అంటించుట మంచి అలవాటు.

నీరు పూర్తిగా మెత్తనిదైన జిడ్డుగా నున్నదని, ఒంటి సబ్బు వదలుట లేదని కొందరు అందురు. అట్టివారు మిశ్రమ వాల్వును కొంచెము తెరచి కొంత బోరు నీటిని కలుపుకొనవచ్చును. 600ని 100కు తెచ్చి ఊరుకొన్నచో ఆరవ వంతు నీరు యంత్రము వెలుపలనుండియే పోవును. ఉప్పు ఆరవ వంతు మిగులును.

ఒత్తిడి, కరెంటు

పల్లెలలో సాఫ్ట్‌నర్ చెడిపోయినదని చెప్పు ఫిర్యాదులలో యంత్రపు దోషము లేనివి ఎక్కువ. ఉప్పు తొట్టిలోని నీటిని పీల్చుకొనుటకు వాల్వులో సన్నని రంధ్రముగల ఇంజెక్టరు ఉండును. నీరు దానిగుండా వేగముగా పోవునప్పుడు ప్రక్కనుండి ఉప్పునీరు లాగబడును. ఇందుకు సాధారణముగా చదరపు సెంటీమీటరుకు కిలోన్నర ఒత్తిడి కావలెను. పది మీటర్ల ఎత్తు నీటికి వచ్చు ఒత్తిడి ఒక కిలో. ఒంటి అంతస్తు డాబాపై స్టాండు మీద పెట్టిన ట్యాంకు ఎత్తు నాలుగు మీటర్లు, ఒత్తిడి 0.4 కిలో మాత్రమే. ఇంత తక్కువ ఒత్తిడికి ఇంజెక్టరు పీల్చదు. ఉప్పు తొట్టిలో ఉప్పు ఎన్నాళ్ళకును తరుగదు. ఉప్పు తరుగనందుకు ఇంటివారు సంతోషింతురు. గీజరులో మాత్రము పెచ్చు మామూలే. ఉప్పు తరుగని సాఫ్ట్‌నర్ పనిచేయని సాఫ్ట్‌నర్ అని తెలియవలెను. ట్యాంకునకు సాఫ్ట్‌నర్‌కు నడుమ చిన్న ప్రెషర్ పంపు పెట్టుట దీనికి విరుగుడు. లేదా బోరు మోటారు ఒత్తిడితోనే నీటిని మెత్తపరచి వేరొక ట్యాంకునకు ఎక్కించవచ్చును. అట్టి పక్షమున మోటారు ప్రవాహము యంత్రపు శక్తికి మించరాదు, ముందు ఇసుక పట్టు వడపోత తప్పక ఉండవలెను.

కరెంటు పోయినప్పుడు కొన్ని వాల్వుల గడియారము ఆగిపోవును. రాత్రి రెండు గంటలకు జరుగవలసిన రీజనరేషన్ పగలు స్నానముల వేళకు జరిగి కొళాయిలో మెత్తపరచని బోరు నీరు వచ్చును. నడుమలో పంపు ఆగినచో రెజిన్ మధ్య ఉప్పు మిగిలిపోయి ఉదయము నీరు ఉప్పగా నుండును. అప్పుడు కంగారుపడక, గడియారము సరిచేసి, చేతితో మరియొకసారి రీజనరేషన్ నడిపిన చాలును. వారమున కొకసారి గడియారము చూచుకొనుట, రాత్రి ట్యాంకు నిండుగా నుంచుట మరువరాదు.

ఉప్పు తొట్టి, రెజిన్

వంటకు వాడు మెత్తని ఉప్పు తొట్టిలో గడ్డకట్టును. కల్లుప్పు మంచిదే గాని, ఉప్పు మడులనుండి నేరుగా వచ్చిన దానిలో మట్టి, ఇసుక ఉండును. కడిగి శుభ్రపరచి అమ్ము కల్లుప్పు గాని, సాఫ్ట్‌నర్ కొరకే చేసిన బిళ్ళలు గాని వాడవలెను. తొట్టిలో ఉప్పు సగము కంటె తగ్గకుండ, అంచువరకు నిండకుండ చూచుకొనవలెను. ఒక్కొక్కప్పుడు ఉప్పు పైన కప్పువలె గట్టిపడి క్రింద ఖాళీ ఏర్పడును. పైనుండి చూచువారికి తొట్టి నిండుగానే కనిపించును. చీపురు కర్ర వంటి మొద్దు కర్రతో మెల్లగా పొడిచి చూచిన తెలియును. గునపముతో పొడిచి తొట్టి అడుగు చిల్లుపరచుకొనరాదు. రెండు మూడు నెలల కొకసారి తొట్టిని ఖాళీచేసి అడుగు మడ్డి కడుగవలెను. ఏడాది కొకసారి ఇంజెక్టరును, దాని జల్లెడను విప్పి శుభ్రపరచవలెను.

రెజిన్‌కు శత్రువులు రెండు. మొదటిది ఇనుము. బోరు నీరు పట్టినప్పుడు తేటగా నుండి, గంట తరువాత పసుపుగానో ఎరుపుగానో మారినచో అందులో ఇనుము ఉన్నది. అది గుళికలపై తుప్పువలె పట్టుకొని ఉప్పునకు లొంగదు. యంత్రమునకు ముందే ఇనుమును తీయు వడపోత కావలెను. పట్టిన తుప్పును సిట్రిక్ ఆమ్లముతో గాని, తయారీదారు చెప్పిన మందుతో గాని కడుగవచ్చును. రెండవది క్లోరిన్. ట్యాంకును బ్లీచింగు పౌడరుతో శుద్ధిచేసిన దినమున సాఫ్ట్‌నర్ ప్రక్కతోవ వాల్వు తెరచి, ఘాటైన నీరు రెజిన్ గుండా పోకుండ చూడవలెను. ఈ రెండింటినుండి కాపాడిన రెజిన్ పదేండ్ల వరకు పనిచేయును.

వెలువడు ఉప్పునీరు

ఇక ముఖ్యమైన సంగతి. మన లెక్కలోని ఇంటిలో నెలకు 30 కిలోల ఉప్పు ఖర్చగుచున్నది. అది ఎచ్చటికి పోయినది? అందులో సోడియం సుమారు 12 కిలోలు. దాదాపు 4 కిలోలు మెత్తని నీటిలో చేరి స్నానాల గదినుండి వెడలినవి. మిగిలిన 8 కిలోలు, ఉప్పులోని క్లోరైడు సమస్తము, రెజిన్ వదలిన కాల్షియం, మగ్నీషియంలు రీజనరేషన్ వ్యర్థజలముతో వెడలినవి. సముద్రతీరమున ఇది లెక్కకు రాదు. మన మెట్టలో నేలమీద పోసినది నేలలోనే ఉండును. ఇంటి ప్రక్క ఇంకుడు గుంతలోనికి వదలినచో కొంతకాలమునకు మన బోరులోనికే, లేదా పొరుగువారి బోరులోనికి చేరును. ఇంకుడు గుంత వాననీటికి ఉద్దేశించినది, ఉప్పునీటికి కాదు.

వ్యర్థజలము నంతటిని ఒకే విధముగా చూడనక్కరలేదు. రీజనరేషన్‌లో మొదట నీరు క్రిందినుండి పైకి పోయి మడ్డిని కడుగును. ఇది కేవలము బోరు నీరే, చెట్లకు పోవచ్చును. తరువాత వచ్చు ఉప్పునీరు, నెమ్మది కడుగు నీరు, రెండును కలిపి మన యంత్రమునకు 75, 80 లీటర్లు. అసలు ప్రమాదము వీటిలోనే ఉన్నది. చివరి వేగపు కడుగు చాలవరకు తేటనీరు. ఎన్ని నిమిషములకు ఏ దశ వచ్చునో వాల్వుపై చూపును. ఒకసారి ప్రక్కన నిలిచి గడియారముతో చూచి, నడిమి దశల నీటిని మాత్రము వేరుపరచు ఏర్పాటు చేసికొనవచ్చును.

ఆ నీటికి ఊరి సిమెంటు మురుగు కాలువ ఉన్నచో, అది చెరువులోనికి గాని పొలము బోదెలోనికి గాని పోవుట లేదని రూఢిచేసికొని అందులో వదలవలెను. కాలువ చివర ఎక్కడ తేలునో పంచాయతీవారికి తెలిసియుండును. కాలువ లేనిచోట మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అడుగు లోతుగల గుంత త్రవ్వి, మందపు పాలిథీన్ పట్టా పరచి, అందులో ఎండబెట్టవలెను. మూడు రోజులకు 75 లీటర్లనగా రోజుకు 25 లీటర్లు. ఆరు చదరపు మీటర్లలో రోజుకు 5 మి.మీ. ఆవిరైనను 30 లీటర్లు పోవును. వానకాలమున పైన రేకు వాలుగా కప్పవలెను, ఆ రోజులలో ఆవిరి తక్కువ గనుక యంత్రపు వాడకమును తగ్గించుకొనవలెను. అడుగున మిగులు ఉప్పు ఎన్నడును పూర్తిగా ఎండదు. అందులోని కాల్షియం, మగ్నీషియం క్లోరైడులు గాలిలోని చెమ్మను పీల్చుకొనును. దానిని పశువులు నాకకుండ గుంతకు కంచె కట్టవలెను. ఇంత శ్రమ దేనికని తోచువారు యంత్రమును స్నానము, గీజరు గొట్టమునకు మాత్రమే పరిమితము చేసికొందురు గాక. మరుగుదొడ్డి, నేల కడుగుట, పశువుల తొట్టి, తోట గొట్టములు యంత్రమునకు ముందే చీల్చి నేరుగా బోరు నీరు ఇచ్చిన ఉప్పు సగమునకు తగ్గవచ్చును. పశువులకు సున్నపు నీటివలన కీడు లేదు.

పెరటి పాదులు

వ్యర్థజలమును దూరముగా పంపినంతమాత్రమున పెరడు గట్టెక్కినట్లు కాదు. కొళాయిలో వచ్చు మెత్తని నీరే సాగుకు పనికిరాదు. 600 కఠినత్వముగల నీటిని మెత్తపరచినచో లీటరుకు సుమారు 276 మి.గ్రా. సోడియం కొత్తగా చేరును. సాగునీటిని పరీక్షించు నప్పుడు కార్బొనేటు, బైకార్బొనేటుల మొత్తమునుండి కాల్షియం, మగ్నీషియంల మొత్తమును తీసివేసి మిగిలిన దానిని ఆర్.ఎస్.సి. అందురు. అది లీటరుకు 2.5 మిల్లీ ఈక్వలెంట్లు దాటిన నీరు నేలను చవుడుపరచును. బైకార్బొనేట్లు 8, కాల్షియం మగ్నీషియంలు 12 ఉన్న బోరు నీటికి ఈ దోషమే లేదు. అదే నీరు సాఫ్ట్‌నర్ దాటగానే 12 పోయి సున్నయగును, 8 అట్లే నిలుచును. మంచి సాగునీరు ఒక్క గంటలో చవుటినీరైనది.

కావున సాఫ్ట్‌నర్ పెట్టిన ఇంటిలో స్నానపు నీటిని అరటి పాదులనుండి మళ్ళించవలెను. తులసికోటకును, మిరప నారుమడికిని నేరుగా బోరు నీరు గాని, వాననీరు గాని పోయవలెను. వేపనూనెలో సబ్బు కలిపి పిచికారీ చేయువారికి కఠిన జలములో సబ్బు విరుగునన్న బాధ కలదు. అట్టి కొద్దిపాటి నీటికి పట్టి ఉంచిన వాననీరు సాఫ్ట్‌నర్ నీటికంటెను శ్రేష్ఠము.

త్రాగుటకు వాడువారు ఒక సంగతి గమనించవలెను. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడును, నైట్రేటును తీయదు. నీరు మెత్తనైనంత మాత్రమున మంచినీరు కాదు. రక్తపుపోటు కలవారు, వైద్యులు ఉప్పు తగ్గించుమన్న వారు ఈ నీరు త్రాగరాదు. వంటగదిలో ఒక కొళాయిని విడిగా ఉంచుకొనవలెను. ఆర్.ఓ. యంత్రము ఉన్న ఇంటిలో దానికి ముందు సాఫ్ట్‌నర్ ఉన్నచో పొరకు సున్నము పట్టక ఎక్కువ కాలము వచ్చును.

ఇప్పటికే పెరడు చెడిన గుర్తులు ఇవి: పాదులో పోసిన నీరు గంటల కొలది ఇంకక నల్లని జిగటనీరై నిలుచును, ఎండిన పైన పెంకు కట్టును, నిమ్మ, కరివేప ఆకుల అంచులు మాడును. ఉప్పునీరు నేరుగా పడినచోట ఆకులు త్వరగా మాడును. స్నానపు నీటివలన చెడుట నెమ్మదిగా, నేల బిగిసిన పిదప తెలియును. ముందుగా ఆ నీటిని ఆపవలెను. తరువాత మట్టిని 15 సెం.మీ. లోతువరకు ఒక నమూనా, 15 నుండి 30 సెం.మీ. వరకు మరియొక నమూనా వేర్వేరు సంచులలో తీసి, సాఫ్ట్‌నర్ నీరు పడిన చోటని చీటీ వ్రాసి, భూసార పరీక్షకు పంపవలెను. సలహా కొరకు గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రమును కూడ అడుగవచ్చును. ఉదజని సూచిక 8.5 దాటి, మట్టి పట్టుకొన్న వానిలో సోడియం నూటికి 15 మించిన అది చవుడు. దానికి మందు జిప్సం. జిప్సంలోని కాల్షియం బంకమట్టినుండి సోడియంను తరుముట, రెజిన్‌లో ఉప్పు చేసిన పనికి సరిగా తలక్రిందులు. పరీక్షలో చెప్పిన మోతాదును పాదు నేలలో పైపైన కలిపి, నీరు దిగుటకు దారి చేసి, నిండుగా బోరు నీరు పెట్టవలెను. గీజరుకు పెచ్చు కట్టించిన ఆ సున్నపు నీరే ఈ చికిత్సకు సాయపడును. వానలకు ముందు జిప్సం వేసినచో విడుదలైన సోడియంను వాననీరు క్రిందికి దించును. నీరు నిలుచు పల్లపు పెరడైనచో ముందుగా ఒక ప్రక్కకు మురుగు బోదె తీసి, ఆ మీదటనే జిప్సం వేయవలెను.